రాబర్ట్ బాష్

రాబర్ట్ బాష్ (సెప్టెంబరు 23, 1861 - మార్చి 12, 1942) జర్మనీ దేశానికి చెందిన యంత్ర నిపుణుడు, పారిశ్రామికవేత్త, దాత. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని మండించే నిప్పురవ్వను బ్యాటరీ అవసరం లేకుండా పుట్టించే మాగ్నెటో అనే పరికరాన్ని నమ్మదగిన వస్తువుగా తీర్చిదిద్ది, ప్రపంచమంతటా వ్యాపింపజేసిన సంస్థకు ఈయన స్థాపకుడు. మాగ్నెటోను కనిపెట్టినవాడే బాష్ అని కొన్నిచోట్ల వ్రాస్తుంటారు గాని అది సరికాదు. అంతకుముందే ఉన్న పరికరాన్ని ఈయన మెరుగుపరచాడు, ఆపైన తన వద్ద పనిచేసినవారిచేత మరింత మెరుగు చేయించాడు. జర్మన్ భాషలో ఈ పేరును బోష్ అన్నట్లు పలుకుతారు. తెలుగునాట బాష్ అనే ఉచ్చారణ స్థిరపడినందున ఈ వ్యాసంలో దానినే వాడుతున్నాము.

మోటారు కార్లలో మాగ్నెటో కాలం ఎప్పుడో చెల్లిపోయింది. అయితే చెట్లు కోసే గొలుసు రంపాల (చైన్ సా) వంటి చేతి యంత్రాలలో అదే సూత్రం నేటికీ పనిచేస్తూ ఉన్నది. పాత రంపాలకు విడి భాగాలు వెదకేవారికి బాష్ పేరు తరచుగా ఎదురుపడటానికి కారణం ఇదే.

బాల్యం, విద్య

రాబర్ట్ బాష్ దక్షిణ జర్మనీలో, నాటి వుర్టెంబర్గ్ రాజ్యంలోని ఉల్మ్ పట్టణానికి సమీపాన గల ఆల్బెక్ గ్రామంలో జన్మించాడు. తండ్రి సెర్వాటియస్ బాష్, తల్లి మార్గరెటా. పన్నెండుగురు సంతానంలో రాబర్ట్ పదకొండవవాడు. తండ్రికి బాటసారులకు భోజనం, వసతి కల్పించే సత్రం, దానితోపాటు పొలాలు ఉండేవి. ఆ ప్రాంతంలో కలిగిన కుటుంబమే. తండ్రి బాగా చదువుకున్నవాడు, ఉదారభావాలు గలవాడు. పిల్లల చదువు విషయంలో శ్రద్ధ చూపేవాడు. 1869లో కుటుంబం ఉల్మ్‌కు తరలివెళ్ళింది.

ఉల్మ్‌లోని పాఠశాలలో చదువు ముగించి, 1876లో సూక్ష్మ యంత్రాల పని నేర్చుకోవడానికి ఒక యజమాని వద్ద అప్రెంటిసుగా చేరాడు. మూడేళ్ళు గడిచినా అక్కడ నేర్చుకున్నది తక్కువేనన్న అసంతృప్తి ఆయనకు జీవితాంతం మిగిలిపోయింది. తరువాతి కాలంలో తన కర్మాగారంలో అప్రెంటిసుల శిక్షణకు ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయడానికి ఈ అనుభవం ఒక కారణం.

దేశాటనం

ఆనాటి జర్మనీలో పని నేర్చిన యువకులు ఊరూరా తిరిగి వేర్వేరు కార్ఖానాలలో పనిచేయడం ఆనవాయితీ. బాష్ కొలోన్, స్టుట్‌గార్ట్, హానౌ, న్యూరెంబర్గ్ మొదలైన పట్టణాలలో పనిచేశాడు. ఉల్మ్‌లోనే సైనిక సేవ పూర్తిచేశాడు. 1883-84లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయంలో కొంతకాలం పాఠాలు విన్నాడు. పట్టా కోసం చేరిన విద్యార్థి కాడు. వోల్టేజీ, అశ్వశక్తి వంటి పదాలంటే బెరుకు పోవడమే అక్కడ తనకు కలిగిన ముఖ్య లాభమని భావించేవాడు.

1884లో అమెరికా వెళ్ళి న్యూయార్కులో ఎడిసన్‌తో సంబంధం గల కార్ఖానాలలో పనిచేశాడు. అక్కడ నైట్స్ ఆఫ్ లేబర్ అనే కార్మిక సంఘంలో సభ్యుడుగా చేరాడు. పని దొరకక గడిపిన రోజులు కూడా ఉన్నాయి. 1885లో ఇంగ్లండు చేరి సీమెన్స్ సోదరుల సంస్థలో కొంతకాలం ఉండి, స్వదేశానికి తిరిగివచ్చాడు.

స్టుట్‌గార్ట్ కార్ఖానా

1886 నవంబరు 15న స్టుట్‌గార్ట్ నగరంలో ఒక ఇంటి వెనుక భాగంలో సూక్ష్మ యంత్రాలు, విద్యుత్ పరికరాల కార్ఖానాను ప్రారంభించాడు. పెట్టుబడి పిత్రార్జితంగా వచ్చిన 10,000 మార్కులు. పనివారు ఇద్దరు - ఒక మెకానిక్కు, ఒక కుర్రవాడు. టెలిఫోనులు, విద్యుత్ గంటలు, వైద్యుల పరికరాలు, ఇలా ఏది దొరికితే ఆ పని చేసేవారు. ఖాతాదారుల ఇళ్ళకు త్వరగా చేరుకోవడానికి బాష్ సైకిలు కొన్నాడు. అప్పటికి ఆ నగరంలో సైకిలు వింత వస్తువు. 1887లో అన్నా కైజర్‌ను వివాహమాడాడు.

1890ల మొదట్లో పనులు తగ్గి పనివారిలో చాలామందిని తొలగించవలసి వచ్చింది. అప్పులు చేశాడు. తొలి పదేళ్ళలో ఈ కార్ఖానా మూతపడి ఉంటే ఎవరూ ఆశ్చర్యపడేవారు కారు.

మాగ్నెటో

1887లో ఒక చిన్న యంత్రాల తయారీదారు బాష్ వద్దకు వచ్చి, డాయిట్జ్ సంస్థ తన స్థిర ఇంజనులకు అమర్చుతున్న మాగ్నెటో వంటిది ఒకటి చేసిపెట్టగలరా అని అడిగాడు. బాష్ విచారించగా ఆ పరికరానికి పేటెంటు రక్షణ లేదని తేలింది. దానిని పరిశీలించి, అయస్కాంతాల ఆకారం మార్చి, మరింత గట్టిగా తయారుచేశాడు. ఆయన సంపద అంతటికీ పునాది ఈ చిన్న ఆర్డరే.

విద్యార్థుల కోసం మాగ్నెటో సూత్రాన్ని క్లుప్తంగా చెప్పుకోవాలి. అయస్కాంత క్షేత్రంలో తీగచుట్ట కదిలితే తీగలో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే నిరూపించాడు. మాగ్నెటోలో ఇంజనే తీగచుట్టను కదుపుతుంది. సరిగ్గా అవసరమైన క్షణంలో విద్యుత్ వలయం తెగితే, తెగిన చోట రవ్వ పుడుతుంది. అంటే ఇంజను తన నిప్పును తానే పుట్టించుకుంటుంది.

ఆనాడు దీనికి ప్రత్యామ్నాయాలు రెండు. మొదటిది, బయట మంటతో ఎర్రగా కాల్చిన గొట్టం ద్వారా ఇంధనాన్ని వెలిగించడం. పెట్రోలు పక్కన మంట ఉంచుకుని ప్రయాణించడం ఎంత ప్రమాదమో చెప్పనవసరం లేదు. రెండవది బ్యాటరీ. అప్పటి బ్యాటరీలు కొద్ది దూరానికే నిండుకునేవి.

అయితే తొలి మాగ్నెటో నెమ్మదిగా తిరిగే స్థిర ఇంజనులకే సరిపోయేది. 1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారి ద్వారా ఒక ద దియాన్-బూతాన్ మూడు చక్రాల బండి బాష్ కార్ఖానాకు వచ్చింది. దాని ఇంజను వేగానికి మాగ్నెటోలోని బరువైన తీగచుట్ట అందుకోలేకపోయింది. మేస్త్రీ ఆర్నాల్డ్ త్సేరింగర్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. తీగచుట్టను కదలకుండా ఉంచి, దాని చుట్టూ తేలికైన లోహపు తొడుగును కదిలేటట్లు చేశాడు. మోటారు వాహనంలో మాగ్నెటో పనిచేయడం దీనితో సాధ్యమైంది.

ఇంకొక లోపం మిగిలింది. రవ్వ పుట్టే చోటు సిలిండరు లోపల ఉండేది. దానిని తెరిచి మూసే కడ్డీలు, మీటలు త్వరగా అరిగేవి. ఈ చిక్కును విడదీసినవాడు గాట్లోబ్ హోనాల్డ్. ఇతను కూడా ఉల్మ్ పరిసరాలవాడే. చిన్నతనంలో బాష్ వద్ద అప్రెంటిసుగా ఉండి, తరువాత ఉన్నత విద్య అభ్యసించి తిరిగివచ్చాడు. ఒకే ఇరుసుపై రెండు తీగచుట్టలు - తక్కువ చుట్లు గల లావు తీగ, వేల చుట్లు గల సన్నని తీగ - ఏర్పాటుచేశాడు. మొదటి చుట్టలో ప్రవాహం ఠక్కున తెగినప్పుడు రెండవ చుట్టలో వేల వోల్టుల విద్యుత్తు పుట్టి, స్పార్క్ ప్లగ్ మొనల నడుమ రవ్వగా దూకుతుంది. సిలిండరు లోపల కదిలే భాగం ఒక్కటీ లేదు. ఈ అధిక వోల్టేజి మాగ్నెటోకు 1902లో పేటెంటు లభించింది. అదే సంవత్సరం డైమ్లర్ సంస్థకు సరఫరా మొదలైంది.

పేరు ప్రతిష్ఠలు బాష్‌కు దక్కినా, నిర్ణాయకమైన రెండు మెరుగులూ ఆయన చేతితో చేసినవి కావు. ఇతరుల ప్రతిభను గుర్తించి, వారికి సమయం, పనిముట్లు, జీతం ఇచ్చి, నాసిరకం వస్తువు గడప దాటకుండా చూడటం ఆయన విద్య. సొమ్ము పోయినా ఫరవాలేదు గాని నమ్మకం పోకూడదని ఆయన వ్రాసిపెట్టిన అభిప్రాయం సంస్థలో నానుడిగా నిలిచింది.

విస్తరణ, కార్మికులు

1898లో సిమ్స్‌తో కలిసి లండనులో, ఆ మరుసటి ఏడు పారిస్‌లో విక్రయ శాఖలు తెరిచాడు. 1901లో సొంత కర్మాగార భవనంలో ప్రవేశించేనాటికి పనివారు 45 మంది. 1906లో లక్షవ మాగ్నెటో తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అమ్మకాలలో 88 శాతం విదేశాలలోనే జరిగేవి.

1906లోనే బాష్ తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. శనివారం మధ్యాహ్నం సెలవు ఇవ్వడం 1910లో మొదలుపెట్టాడు. మంచి జీతాలిచ్చాడు. అందువలన తోటి పారిశ్రామికులు ఆయనను ఎర్ర బాష్ అని ఎగతాళి చేసేవారు. అయితే ఇది దయాధర్మం మాత్రమే కాదు. అలసిన చేతులు సూక్ష్మమైన పని చేయలేవని, రెండు వంతులుగా పనిచేస్తే యంత్రాలు ఖాళీగా ఉండవని ఆయన లెక్క. 1913లో కార్మికులతో వివాదం వచ్చి సమ్మె జరిగినప్పుడు ఆయన చాలా నొచ్చుకుని యజమానుల సంఘంలో చేరాడు. ఎర్ర బాష్ అనే పేరును మాత్రమే చెప్పి ఈ సమ్మెను వదిలివేస్తే చిత్రం అసంపూర్తి అవుతుంది.

పొదుపు విషయంలో ఆయన గురించి కథలు చెప్పుకుంటారు. నేలపై పడివున్న చిన్న కాగితపు క్లిప్పును చూపి, అది తన డబ్బు అని పనివారికి గుర్తుచేసేవాడట. అదే వ్యక్తి 1910లో స్టుట్‌గార్ట్ సాంకేతిక విద్యాలయానికి పది లక్షల మార్కులు విరాళమిచ్చాడు.

యుద్ధం, పోయిన పేరు

1914లో యుద్ధం రాగానే విదేశీ వ్యాపారం చాలావరకు కుప్పకూలింది. కొత్త భవనాలలో కొంత భాగాన్ని గాయపడిన సైనికులకు ఆసుపత్రిగా ఇచ్చాడు. యుద్ధ సామగ్రి తయారీ వలన వచ్చిన లాభాన్ని సొంతానికి ఉంచుకోవడం ఇష్టంలేక నెక్కార్ నదిపై కాలువ నిర్మాణానికి, ఇతర ప్రజోపయోగాలకు పెద్ద మొత్తాలు ఇచ్చివేశాడు.

అన్నిటికంటె పెద్ద దెబ్బ అమెరికాలో తగిలింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో ఆయనకు పెద్ద కర్మాగారం ఉండేది. శత్రుదేశపు ఆస్తిగా భావించి అమెరికా ప్రభుత్వం 1918లో దానిని స్వాధీనం చేసుకుని అమ్మివేసింది. యంత్రాలతోపాటు పేటెంట్లు, బాష్ అనే పేరు వాడుకునే హక్కు కూడా కొన్నవారి పరమైనాయి. 1921లో బాష్ మళ్ళీ అక్కడ వ్యాపారం ప్రారంభించేసరికి, తన పేరు గల వస్తువులతో తానే పోటీపడవలసి వచ్చింది. రెండు సంస్థల నడుమ 1930 ప్రాంతంలో రాజీ కుదిరింది గాని, రెండవ ప్రపంచ యుద్ధంలో ఆ ఆస్తి మళ్ళీ పోయింది. పాత అమెరికన్ యంత్రంపై అమెరికన్ బాష్ అని కనిపిస్తే, అది స్టుట్‌గార్ట్‌లో తయారైనది కాదని గ్రహించాలి.

నేటికీ సంస్థ గుర్తుగా ఉన్న, వృత్తంలో నిలిచిన మాగ్నెటో ఇరుసు బొమ్మను 1918లో గీసినవాడు హోనాల్డే. పేరు చేజారిన ఏడాదే ఈ గుర్తు పుట్టడం గమనించదగినది. హోనాల్డ్ 1923లో మరణించాడు.

1921లో హాంబర్గ్ నగరంలో తొలి బాష్ సేవాకేంద్రం ఏర్పడింది. అమ్మిన పరికరాన్ని బాగుచేసే చోటు, దాని అసలు విడి భాగాలు దొరికే చోటు ఉండాలన్న ఆలోచన అప్పటికి అంత సాధారణం కాదు.

కుటుంబం

బాష్ దంపతులకు నలుగురు పిల్లలు కలిగారు. ఒక కుమార్తె పసితనంలోనే మరణించింది. వారసుడవుతాడని ఆశించిన ఏకైక కుమారుడు రాబర్ట్ నరాల వ్యాధితో ఏళ్ళ తరబడి బాధపడి 1921లో చనిపోయాడు. ఈ విషాదం దంపతులను దూరం చేసింది. 1926లో విడాకులు జరిగాయి. మరుసటి ఏడు మార్గరెటె వొర్ట్స్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

మాగ్నెటో తగ్గుముఖం

1920లలో చవకైన బ్యాటరీ జ్వలన పద్ధతి కార్లలో మాగ్నెటో స్థానాన్ని ఆక్రమించసాగింది. 1926 ప్రాంతంలో సంస్థ తీవ్రమైన ఇబ్బందిలో పడి పనివారిని తగ్గించింది. ఒకే వస్తువుపై ఆధారపడకూడదని బాష్ అప్పుడు నిర్ణయించాడు. 1927లో డీజిలు ఇంజనులకు ఇంధన పంపుల ఉత్పత్తి, తరువాత విద్యుత్ పనిముట్లు, 1933లో రిఫ్రిజిరేటరు వచ్చాయి. రేడియోలు, గ్యాసు హీటర్లు తయారుచేసే సంస్థలను కూడా కొన్నాడు.

నాజీల కాలం

బాష్ స్వభావరీత్యా ప్రజాస్వామ్యవాది. ఫ్రాన్సు, జర్మనీల సఖ్యతను కోరినవాడు. నాజీలను అసహ్యించుకున్నాడు. ఆయన సంస్థ యూదులకు ఉద్యోగాలిచ్చింది, దేశం దాటిపోవడానికి సాయపడింది. హిట్లర్ వ్యతిరేకులలో ముఖ్యుడైన కార్ల్ గోర్డెలర్‌ను 1937లో సలహాదారుగా నియమించి ఆయన కార్యకలాపాలకు అండగా నిలిచింది. గోర్డెలర్‌ను నాజీలు 1945లో ఉరితీశారు. సంస్థను నడిపిన హాన్స్ వాల్జ్‌ను యూదులకు చేసిన సాయానికి గాను ఇజ్రాయెల్‌కు చెందిన యాద్ వషేమ్ 1969లో గౌరవించింది.

మరొక వైపు అదే సంస్థ నాజీ సైన్యానికి పెద్ద ఎత్తున సామగ్రి సరఫరా చేసింది. యుద్ధకాలంలో సుమారు 20,000 మంది చేత బలవంతపు చాకిరి చేయించింది. వారిలో నిర్బంధ శిబిరాల ఖైదీలు కూడా ఉన్నారు. ఈ రెండు సంగతులూ చరిత్రలో నమోదైనవే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచడం న్యాయం కాదు.

మరణం, వీలునామా

1940లో స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ ఆసుపత్రి ప్రారంభమైంది. హోమియోపతి వైద్యంపై ఆయనకు గట్టి నమ్మకం ఉండేది. 1942 మార్చి 12న తన 80వ ఏట మరణించాడు. తాను ఇష్టపడని ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపించింది. ఆయన మిత్రుడు, తరువాత పశ్చిమ జర్మనీ తొలి అధ్యక్షుడైన థియోడార్ హాయిస్ ఆయన జీవిత చరిత్రను 1946లో ప్రచురించాడు.

సంస్థ ఆదాయం ప్రజోపయోగానికి వెళ్ళాలన్న ఆయన కోరికను అనుసరించి 1964లో వాటాలలో అధికభాగం ధర్మసంస్థకు చేరింది. నేడు రాబర్ట్ బాష్ ఫౌండేషన్ పేరుతో పిలువబడే ఆ సంస్థ చేతిలో 90 శాతానికి పైగా మూలధనం ఉన్నది.

భారతదేశంలో

1922లో కలకత్తాలో బాష్ వస్తువుల విక్రయం మొదలైంది. 1951లో బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ, అంటే మన మెకానిక్కులందరూ ఎరిగిన మైకో, ఏర్పడింది. మైకో స్పార్క్ ప్లగ్గులు, డీజిలు పంపులు తెలుగు పల్లెల దాకా చేరాయి. 2008లో దీని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది.

గొలుసు రంపాలు, విడి భాగాలు

బాష్ జీవించిన స్టుట్‌గార్ట్‌లోనే ఆండ్రియాస్ స్టిల్ (1896-1973) 1926లో గొలుసు రంపాల సంస్థను నెలకొల్పాడు. 1929లో చేసిన పెట్రోలు రంపం బరువు 46 కిలోలు. ఇద్దరు మోయవలసిందే. ఒక్క మనిషి పట్టుకునే రంపం 1950లో వచ్చింది. చేతిలో మోసే యంత్రానికి బ్యాటరీ భారం. పైగా అది అదురుతుంది, అన్ని కోణాలలోను వంగుతుంది. కనుక కార్లు వదిలివేసిన మాగ్నెటో ఇక్కడ అవసరమైంది. దీనిలో తీగచుట్ట కదలదు. అయస్కాంతాలు ఫ్లైవీలులో ఇమిడి దాని పక్కగా తిరుగుతాయి. నిమిషానికి 6,000 సార్లు తిరిగే రెండు స్ట్రోకుల ఇంజనులో సెకనుకు 100 రవ్వలు పుట్టాలి.

పాత రంపాలలో ఫ్లైవీలు వెనుక పాయింట్లు, కండెన్సరు ఉంటాయి. మన స్కూటరు మెకానిక్కులు పాయింట్లు గీకడం అని పిలిచే పని వీటికీ అవసరమే. 1970ల నుండి ఈ రెండింటి పనిని ఎలక్ట్రానిక్ మాడ్యూలు చేయసాగింది. అందువలన పాత తరహా భాగాల తయారీ క్రమంగా తగ్గింది, ఇప్పుడు వెదుక్కోవలసి వస్తున్నది.

రవ్వ రాని పాత రంపానికి కాయిల్ కొనడానికి తొందరపడకూడదు. ముందుగా ఇంజను ఆపే స్విచ్చి తీగను విడదీసి చూడాలి. ఆ తీగ ఒరుసుకుపోయి లోహానికి తగిలినా రవ్వ పోతుంది. తరువాత ప్లగ్గు, పాయింట్ల మురికి, కాయిల్‌కు ఫ్లైవీలుకు మధ్య ఎడం (సుమారు 0.2-0.3 మిల్లీమీటర్లు), ఫ్లైవీలును ఇరుసుపై కదలకుండా పట్టే చిన్న చీల, వరుసగా పరీక్షించాలి. చీల తెగితే రవ్వ వచ్చినా వేళ తప్పుతుంది.

భాగం మార్చక తప్పనప్పుడు రంపం నమూనా పేరు ఒక్కటే చాలదు. ఒకే నమూనాలో కొన్నిటికి బాష్ జ్వలన భాగాలు, కొన్నిటికి స్వీడన్‌కు చెందిన ఎస్.ఇ.ఎమ్. భాగాలు అమర్చిన సందర్భాలున్నాయి. ఒకదాని పాయింట్లు మరొకదానికి పట్టవు. కనుక ఫ్లైవీలు విప్పి, కాయిల్‌పైన, అడుగు పళ్ళెంపైన ఉన్న గుర్తును, సంఖ్యను వ్రాసుకోవాలి. బాష్ భాగాలకు సాధారణంగా పది అంకెల సంఖ్య ఉంటుంది. అదే సంఖ్య గల భాగాన్ని మోపెడ్లకు, తోట యంత్రాలకు కూడా వాడి ఉండవచ్చు కనుక రంపాల దుకాణంలో దొరకనిది మోపెడ్ భాగాల దుకాణంలో దొరకవచ్చు. కండెన్సరు విషయంలో కొలత సరిపోతే (సుమారు 0.2 మైక్రోఫారడ్లు), వేరే తయారీదారుదైనా పనిచేస్తుంది. పాయింట్లు అసలే దొరకనప్పుడు వాటికి బదులుగా బిగించే చిన్న ఎలక్ట్రానిక్ మాడ్యూళ్ళు ఉన్నాయి. కాయిల్ మంచిదై ఉంటేనే వాటివలన ప్రయోజనం. తీగలు తారుమారుగా కలిపితే రవ్వ రాదు, లేదా వేళ తప్పి వస్తుంది.